డొంకూరు పడవకి పంకా పోసిన నాళ్ళు

టెక్కలి ఐటీఐలో పోత పని నేర్చుకుంటున్న మా ఆడపడుచు మనవరాలు మొన్నొక ఆదివారం మా ఇంటికి వచ్చి, అన్నం తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయి నన్నొక ప్రశ్న అడిగింది. “మామ్మా, ముట్టుకున్నదాన్నల్లా కాల్చీసే లోహాన్ని తీసుకెళ్ళి ఉత్తి ఇసకలో పోత్తారు గదా, మరి ఆ ఇసక కరిగిపోదేటి?” అని. ఇసుక కరగాలంటే ఇత్తడి కరిగే వేడి చాలదనీ, దానికి ఇంకా చాలా ఎక్కువ కావాలనీ చెప్పాను. అది అర్థమైనట్టు తలూపింది గానీ, నాకే తెలిసిపోయింది నేను చెప్పింది పుస్తకంలో ఉన్న జవాబని. చేతికి తెలిసిన జవాబు వేరే ఉంది, అది చెప్పాలంటే డొంకూరు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గురించి చెప్పాలి, పలాసలో ఇప్పుడు లేని ఒక రేకుల షెడ్డు గురించి చెప్పాలి.

నేను ఏడో తరగతి దాకా మాత్రమే బడిలో చదివిన మనిషిని. ఆ తరవాతి చదువంతా కాశీబుగ్గ గ్రంథాలయం బల్లల మీద జరిగింది. ఓడలు కట్టిన దేశాల గురించీ, కొండంత కొలిముల గురించీ, ఫిరంగులు పోసిన రాజుల గురించీ చదివాను గానీ, పలాసలో జీడిపిక్కల మిషన్లకి విడిభాగాలూ, ఉద్దానం పడవలకి పంకాలూ పోసిన షెడ్ల గురించి ఒక్క పేజీ కూడా ఎక్కడా దొరకలేదు. నా ఈడు వాళ్ళు ఆ షెడ్ల పక్కనుంచి నడిచి వెళ్ళినప్పుడు లోపల ఎర్రగా వెలిగిన వెలుగు చూసే ఉంటారు, ఏమిటో అనుకుని వెళ్ళిపోయి ఉంటారు. ఆ వెలుగు దగ్గర నిలబడ్డవాళ్ళలో మిగిలిన కొద్దిమందిలో నేనొకదాన్ని కనక, నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారనిపించింది.

మా అమ్మ జీడిపిక్కలు కొట్టే పనిలో ఉండేది, పెద్దయ్యాక నేనూ అదే పనిలో చేరాను. పలాసలో పుట్టిన ఆడవాళ్ళకి ఆ పని గురించి చెప్పనక్కరలేదు. పిక్క పెంకులోంచి వచ్చే నూనె చర్మాన్ని కాల్చి నల్లచేస్తుంది, ఎంత బూడిద రాసుకున్నా, ఎంత ఆముదం పూసుకున్నా వేళ్ళ చివర్లు ఉడికిన బంగాళాదుంపల్లా పొరలు లేచిపోతాయి. నాకు ఆ నూనె అసలు పడేది కాదు. చేతులు పుండ్లు పడి అన్నం కలుపుకోలేకపోతూ ఉంటే, ఒకనాడు మా మేనమామ భార్య, అంటే మా అత్త, ఇంటికి వచ్చి నా చేతులు తిప్పి చూసి, మా అమ్మతో ఒకే మాట అంది. “ఈ గుంటని నాతో పంపీ ఒదినా, నా దగ్గర బెల్లం పని ఉంది.”

మా అత్త చేసే పని నిజంగానే బెల్లం పని. మా మావయ్యకి రైలు కట్ట అవతల చిన్న పోత షెడ్డు ఉండేది, అందులో అత్త కోర్లు చేసేది. కోరు అంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెబుతాను. ఒక వస్తువుకి మధ్యలో బెజ్జం కావాలనుకోండి, ఆ బెజ్జం ఉండవలసిన చోట లోహం చేరకుండా ఇసుకతో చేసిన ముద్ద ఒకటి అచ్చులో నిలబెడతారు. లోహం దాని చుట్టూ పారి గట్టిపడ్డాక ఇసుకని పొడిచి రాల్చేస్తే బెజ్జం మిగులుతుంది. ఆ ఇసుక నిలబడడానికి అందులో బెల్లప్పాకం మడ్డి కలిపి, చెక్క పెట్టెలో కూరి, బయటికి తీసి పొయ్యిలో కాలుస్తారు. అందుకని మా షెడ్డు గుమ్మంలోకి అడుగు పెట్టగానే పోత షెడ్డు వాసన కాక అరిసెలు మాడిన వాసన వచ్చేది. చీమలతో మా పోరు ఇంతా అంతా కాదు. కాల్చని కోరుని ఒక పూట వదిలేస్తే చీమలు దాన్ని తవ్వుకుపోయేవి, మా అత్త చీమల్ని పేరు పెట్టి తిట్టినట్టు తిట్టేది.

ఆ పని నాకు చేతులు తెచ్చిచ్చింది. నల్లబడ్డ చర్మం రాలి, కింద నుంచి కొత్త చర్మం వచ్చింది. ఇసుకని పిడికిట్లో పట్టి నొక్కి, వేళ్ళు విప్పి, ముద్దని విరిచి చూసి అందులో తడి ఎంత ఉందో చెప్పడం అత్త నేర్పింది. ఎక్కువైతే ముద్ద అరిచేతికి అంటుకుంటుంది, తక్కువైతే అంచులు రాలిపోతాయి, సరిపోతే బిస్కెట్టులా రెండుగా విరుగుతుంది. చెప్పడానికి ఇంతే గానీ, అది చేతికి పట్టడానికి చాలా కాలం పట్టింది, ఒకసారి పట్టాక మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని.

మొదటిసారి పోత చూసిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. నేల కొలిమిలో మూస, అంటే ఇత్తడి కరిగించే కుండ, కూర్చుని ఉంది, బ్లోయరు గాలికి కోక్ బొగ్గు తెల్లగా వెలుగుతోంది, మూస అంచు మీద ఆకుపచ్చ రంగు మంట చిన్న పిల్లల నాలుకల్లా ఆడుతోంది. మా బావ, అంటే మావయ్య కొడుకు, ఇంకో పనివాడూ పొడుగాటి పటకారు రెండు వైపులా పట్టుకుని మూసని పైకి ఎత్తారు. నేను ఇత్తడిని చెంబుల్లోనూ బిందెల్లోనూ మాత్రమే చూసిన దాన్ని, అది నీళ్ళలా కదలడం, అందులో పైకప్పు రేకులు ప్రతిబింబించడం చూసి చేతిలో పని వదిలేసి దగ్గరికి వెళ్ళాను. మా మావయ్య దాని మీద తేలిన మష్టుని ఇనుప గరిటెతో పక్కకి తోసి, పొయ్యమని చెయ్యి ఊపాడు. ఆ వెలుగంతా ఒక సన్నటి ధారగా మారి ఇసుకలోకి దిగిపోయింది. ఇసుక చప్పుడు చెయ్యలేదు. ఆవిరి పోవడానికి పొడిచిన సన్నటి బెజ్జాల్లోంచి నీలం మంటలు లేచాయి, అంతే. అంత నిప్పు తాగి ఇసుక అంత నిమ్మళంగా ఉండడం చూసి, అలాంటి అచ్చు నా చేత్తో ఎప్పటికైనా కట్టాలని ఆ నిమిషంలోనే అనుకున్నాను.

కానీ ఆడవాళ్ళు కోర్ల బల్ల దాటి అచ్చుల చోటికి వచ్చే పద్ధతి మా దగ్గర లేదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది, ఊరికే లేదు. నేను ఆ మాట ఎత్తినప్పుడల్లా మా బావ వెక్కిరించేవాడు. “అచ్చులు కడతావేటే? ముందు నీ జడ సరిగ్గా కట్టుకో, నిప్పులో పడిపోతాది” అనేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. “నీ మీసం ఇప్పటికి రెండుసార్లు మాడింది గదా బావా, దాని సంగతి సూసుకో” అనేదాన్ని. అత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మావయ్య విననట్టు చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో సముద్రం ఒడ్డున ఉన్న డొంకూరు నుంచి ఒక తల్లీ కొడుకూ మా షెడ్డుకి వచ్చారు. ఇచ్ఛాపురంలో పాసింజరు ఎక్కి పలాసలో దిగి, గోనెసంచి మోసుకుంటూ నడిచి వచ్చారు. తల్లి బాగా పెద్దావిడ, ఎండిన చేపలా సన్నగా, నిటారుగా ఉంది. కొడుక్కి మాటలు తక్కువ. ఆవిడ తెలుగులో మధ్యమధ్య ఒడియా దొర్లేది, అయినా మాకు అర్థమయ్యేది. సంచి విప్పితే అందులో పడవ పంకా ఉంది. పంకా అంటే ఇంజను పడవకి వెనక నీళ్ళలో తిరుగుతూ పడవని ముందుకి తోసే ఇత్తడి రెక్కల చక్రం. దానికి మూడు రెక్కలు ఉండాలి. వీళ్ళ పంకా ఎక్కడో మునిగి ఉన్న బండకి కొట్టుకుని మూడూ మొదలంటా విరిగిపోయాయి, నడిమి బొడ్డు మాత్రమే మిగిలింది. రెక్కల్లో ఉన్న ఇత్తడి సముద్రంలోనే ఉండిపోయింది కనక తక్కువ పడే లోహానికి ఆ పెద్దావిడ ఇంట్లో ఉన్న తన ఇత్తడి బిందె తెచ్చింది. “నా పెళ్ళికి మా నాయన పెట్టీడు, ఇదీ ఏసీ బాబూ” అని బిందెని మావయ్య కాళ్ళ దగ్గర పెట్టింది. వేట మొదలయ్యే రోజు దగ్గరపడుతోంది, ఆ ఒక్క పడవ మీదే వాళ్ళ ఇల్లు నడవాలి.

ఆవిడ కూర్చుని అడ్డపొగ వేసింది. మన వైపు వాళ్ళకి కొత్త కాదు గానీ, రాబోయే తరాలకి తెలియకపోవచ్చు కనక చెబుతున్నాను. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొసని నోటి లోపల పెట్టుకుని పొగ తాగడమే అడ్డపొగ. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా అలా మొదలైందంటారు. నోట్లో నిప్పు పెట్టుకుని ఆవిడ మాతో మాట్లాడుతూనే ఉంది, నాలిక కాలడం లేదు. నేను ఆశ్చర్యంగా చూస్తూ ఉంటే నవ్వి, “నోరు తడిగా ఉంటే నిప్పేటి సేత్తాదే గుంటా” అంది. ఆ మాట నాకు అప్పుడు ఉత్త మాటలాగే వినబడింది.

సాధారణంగా పాత పంకాని ఇసుకలో నొక్కి దాని ముద్ర మీదే కొత్తది పోస్తారు. దీనికి రెక్కే లేదు, నొక్కడానికి ఏముంది? మావయ్య బొడ్డుని అటూ ఇటూ తిప్పి, విరిగిన మొదళ్ళ వంపు వేలితో తడిమి, చాలాసేపు ఆలోచించి, అప్పుడు నా వైపు తిరిగాడు. “ఇదిగో, ఈ అచ్చు నువ్వు కట్టు. పంకా బాగొత్తే రేపట్నించి అచ్చుల కాడే ఉందువు. బాగోపోతే మళ్ళీ ఆ మాట నా దగ్గిర ఎత్తకు” అన్నాడు. అత్త తన బల్ల దగ్గరే నిలబడి, చేతిలో ఉన్న కోరుని కింద పెట్టడం మరిచిపోయింది.

రెక్క వంపుని ఇసుకలో ఎలా పుట్టించాలో మావయ్య చూపించినప్పుడు నేను పొందిన విస్మయం, ఆ తరవాత ఏ పుస్తకం చదివినా పొందలేదు. నేలలో నిలువుగా ఒక ఇనుప కడ్డీ పాతాడు. దానికి అడ్డంగా, గుండ్రంగా తిరిగేటట్టూ పైకీ కిందికీ జారేటట్టూ ఒక తిన్నటి చెక్కపలక తగిలించాడు. చుట్టూరా వంచిన రేకు ఒకటి ఏటవాలుగా, గట్టు ఎక్కే దారిలా నిలబెట్టాడు. పలక కొసని ఆ రేకు అంచు మీద ఆనించి మెల్లిగా తిప్పమన్నాడు. పలక తిరుగుతూ తిరుగుతూ ఏటవాలు ఎక్కుతోంది, కింద ఉన్న ఇసుకని గీసుకుంటూ పోతోంది. పలక తిన్ననిదే, వంచకముందు రేకు అంచూ తిన్ననిదే, కానీ వెనక ఇసుకలో మిగిలిన తలం మెలి తిరిగి, గాలికి సగం తిరిగిన అరిటాకులా ఉంది. నేను గబుక్కున చెయ్యి తీసేశాను, ఏదో తప్పు చేశాననుకుని. “తప్పు కాదే, అదే రెక్క” అన్నాడు మావయ్య.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి పరుగెత్తాను. మా గ్రంథపాలకుడు చేతులకి మసి ఉన్నవాళ్ళని కడుక్కుని రమ్మనేవాడే తప్ప పొమ్మనేవాడు కాదు. మరల గురించి ఉన్న పుస్తకం తీసి ఇచ్చాడు. అందులో ఒక బొమ్మ ఉంది. కాగితాన్ని మూలనుంచి మూలకి కోసి, ఆ ముక్కోణాన్ని పెన్సిలుకి చుట్టమని. చుట్టి చూశాను. తిన్నటి అంచు పెన్సిలు చుట్టూ మెట్లులేని మెట్లదారిలా ఎక్కింది. సీలలో ఉన్న మరా, శంఖంలో ఉన్న మెలికా, మా పలక ఇసుకలో గీసిన రెక్కా ఒకే కుటుంబమని అక్కడ బల్ల మీద నాకు తెలిసింది. మావయ్యకి ఆ పెన్సిలు తీసుకెళ్ళి చూపిస్తే, ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి తిప్పి తిప్పి చూసి, “ఓర్నీ, ఇదేనా” అని చెవి వెనక పెట్టుకున్నాడు. ఆయన ఎప్పుడూ చేసే పని ఒక ముక్క కాగితంలో ఒదగడం ఆయనకీ వింతే అయింది, ఇద్దరం చెరో రకంగా ఆశ్చర్యపోయాం.

అచ్చు కట్టాను. మూడు రెక్కల తలాలు గీసి, వాటి మీద రెక్క మందాన ఇసుక పరిచి, పైన ఇంకో పెట్టె పెట్టి ఇసుక కూరి, మళ్ళీ విప్పి, ఆ మందం తీసేసి, బొడ్డు మధ్యలో నేనే కాల్చిన కోరు నిలబెట్టాను. అంత పెద్ద పోతకి పచ్చి ఇసుక పనికిరాదని కుంపట్లు పెట్టి అచ్చు లోపలంతా ఆరబెట్టాం. పెట్టెలు మూసి, పైన లోహం పోసే నోటి మీద దుమ్ము పడకుండా రేకు ముక్క కప్పాను. డొంకూరు తల్లీ కొడుకూ పోత చూడాలని ముందురోజే వచ్చి మా ఇంట్లోనే దిగారు. ఆవిడ మూత పెట్టిన ఒక చెంబు పక్కన పెట్టుకునే ఉంది, అందులో ఏముందని మేం అడగలేదు.

పోత రోజు పొద్దున్న ఇత్తడి కరిగింది. బిందె మూసలోకి వెళ్ళేటప్పుడు ఆవిడ దండం పెట్టుకుంది. తెల్లటి పొగ లేచింది, ఆకుపచ్చ మంట వచ్చింది, మావయ్య తల ఊపాడు. బావా పనివాడూ మూసని ఎత్తుకుని రెండడుగుల దూరానికి వచ్చేశారు. నా పని అచ్చు నోటి మీది రేకు తియ్యడం, తీసి పక్కకి తప్పుకోవడం. తీశాను. నోటి చుట్టూ ఇసుక నల్లగా ఉంది.

నేను ఆరబెట్టిన ఇసుక తెల్లగా, బూడిద రంగులో ఉండాలి. వేలు పెట్టాను. అంటుకుంది. “ఆపండి! బావా, ఆగు! ఆపీ!” అని అరిచాను.

“ఏటయింది? లోహం సల్లారిపోతంది, తప్పుకోయే!” అన్నాడు బావ. భుజాలు వణుకుతున్నాయి, మూస బరువు.

“తడి ఉంది. అచ్చులో తడి ఉంది.”

“నిన్న నువ్వే గదే ఎండబెట్టినావు! బయపడతన్నావా?”

నిజానికి నాకు భయంగానే ఉంది. నా మొదటి అచ్చు. ఆపమంటే అది వృథా అయినట్టే, ఆడపిల్లకి ధైర్యం చాల్లేదని ఊరంతా అనుకుంటుంది, మావయ్య ఇచ్చిన మాట అక్కడితో ముగుస్తుంది. పొయ్యమంటే, ఇసుక లోపల నిలిచిన నీళ్ళ మీద ఆ లోహం పడితే, నీళ్ళు ఒక్క రెప్పపాటులో ఆవిరై ఎన్నో వందల రెట్ల చోటు అడుగుతాయి, అచ్చుని చీల్చుకుని మూసెడు ఇత్తడినీ పైకి విసురుతాయి. పటకారు పట్టుకున్నవాళ్ళు మొహం పెట్టి ఉన్నది సరిగ్గా అక్కడే. ఆ నోటికి అరిచేయి అడ్డం పెట్టి కూర్చున్నాను, లేవలేదు.

మావయ్య వంగి, నా చెయ్యి తప్పించి, నోటి అంచున ఉన్న ఇసుకని చూపుడు వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాడు. ఆయన మొహం మారింది. “ఉప్పు” అన్నాడు. మా అందరి కళ్ళూ ఒకేసారి ఆ చెంబు మీదికి వెళ్ళాయి. అది పక్కనే ఉంది, మూత తీసి ఉంది, ఖాళీగా ఉంది.

మావయ్య తిట్టలేదు. “దిమ్మెల్లో పోసీండి” అన్నాడు. కొలిమి పక్కన మిగిలిపోయిన లోహం పోసుకునే ఇనుప తొట్లు వేడెక్కించి ఉంటాయి, వాటిలోకి ఆ ఇత్తడంతా పోయింది. అది చూసి డొంకూరు మామ్మ గుండె బాదుకుంది. తన బిందె, తన పడవ, పంకా కాకుండా ఇటుకలైపోయాయి. “ఓలమ్మో, ఏల పోసీసినారు? నా కొడుకు పంకా ఏదీ? నాను ముందే దాని నోరు తడిపినాను గదా!” అంది.

“ఎందుకు తడిపినావు మామ్మా?” అని అత్త ఆవిడ పక్కన కూలబడి అడిగింది.

“మరి నిప్పు మింగాల గదమ్మా అది! నోరెండిపోయి ఉంది, సూసినాను. ఎండిన నోట్లో నిప్పెడితే కాలదేటి? గంగమ్మ నీళ్ళు తెచ్చినాను, ఎలాగా సముద్రంలోకి ఎల్లేదే గదాని ఆ నీళ్ళే పోసినాను.”

తన నోట్లో జీవితమంతా నిప్పు పెట్టుకున్న మనిషి, నా ఇసుక అచ్చుని ఇంకో మనిషిగా చూసి, దాని నోరు కాలిపోకూడదని నీళ్ళు పోసింది. ప్రేమతోనే పోసింది. ఆ ప్రేమ ఇద్దరు మగవాళ్ళ ప్రాణాలు తీసి ఉండేది. మావయ్య ఆవిడ ముందు గొంతుక్కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. “మామ్మా, నీ నోట్లో నిప్పు సిన్నది, నీ తడి దాన్ని ఓర్సుకుంటాది. మా నిప్పు నీళ్ళకి సవితి. ఇసక నోరు ఎండే ఉండాల. లోహం నీదే, ఎక్కడికీ పోలేదు, అల్లక్కడే ఉంది సూడు. మళ్ళీ పోత్తాం.”

ఆ తడిసిన అచ్చుని నేనే పగలగొట్టాను. మర్నాడు మళ్ళీ కడ్డీ పాతాను, పలక తగిలించాను. మామ్మ ఊరుకోలేదు, కూర్చుని నాకు ఇసుక జల్లెడ పట్టింది, నేను వద్దంటున్నా పాట పాడుతూ పట్టింది. వాళ్ళ అబ్బాయి కుంపట్లకి బొగ్గు మోశాడు. ఆశ్చర్యమేమిటంటే మావయ్య అచ్చు వైపు రాలేదు. షెడ్డు బయట, మా అందరికీ వీపు పెట్టి కూర్చుని, చుట్ట మీద చుట్ట కాల్చాడు. ఒకసారి చూడమని నేనే వెళ్ళి అడిగాను. వెనక్కి తిరగలేదు. “నీకు తెలీదేటి? నువ్వు సూసుకో” అన్నాడు. అచ్చుల చోటు నాదైందని నాకు అప్పుడు తెలిసింది, పంకా పోయకముందే.

రెండోసారి పోసినప్పుడు ఇసుక మళ్ళీ అదే నిమ్మళంతో నిప్పు తాగింది. బెజ్జాల్లోంచి నీలం మంటలు లేచాయి, ఆరాయి. పెట్టె విప్పి, ఇసుక దులిపితే మూడు రెక్కల పంకా కాలిన మట్టిలోంచి పైకి వచ్చింది, మసిబారి, గరుకుగా, ఇంకా వేడిగా. ఒక్కొక్క రెక్కా సగం తిరిగిన అరిటాకే. బావ దాన్ని సుత్తి మొనతో తట్టాడు, అది మోగింది, ఎక్కడా పగులు లేదు. నా వైపు చూసి, “జడ కట్టుకోడం కూడా నేర్సుకో ఇంక” అన్నాడు. ఆ మాటన్న మనిషినే తరవాత పెళ్ళి చేసుకున్నాను, అది వేరే కథ.

మావయ్య ముందురోజే బావని సైకిలు మీద బారువ తీరానికి పంపించి, మామ్మ చెంబు నిండా సముద్రపు నీళ్ళు తెప్పించి ఉంచాడు. చెంబు ఆవిడ చేతికిచ్చి, “ఇప్పుడు పొయ్యి మామ్మా, నీ ఇష్టం వచ్చినన్ని పొయ్యి” అన్నాడు. ఆవిడ పోసింది. పంకా చుయ్యిమంది, ఆవిరి లేచింది, ఉప్పు తెల్లటి మచ్చలు మచ్చలుగా ఇత్తడి మీద పూసింది. “తాగింది” అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. ఆనాటి నుంచీ మా షెడ్డులో పోసిన ప్రతి పంకాకీ పోత అయ్యాక, చల్లారే వేళకి సముద్రపు నీళ్ళు పొయ్యడం ఆనవాయితీ అయిపోయింది. ఎందుకని కొత్తగా చేరినవాళ్ళు అడిగితే, నీళ్ళు పొయ్యాలనే మనసుకి ఒక చోటు ఉండాలనీ, ఆ చోటు ముందు కాదు, తరవాత అనీ చెప్పేదాన్ని.

వేట మొదలయ్యే రోజు డొంకూరు వెళ్ళాను. నేను అంతకు ముందు సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూశానే గానీ, దాని మీదికి వెళ్ళేదాని కోసం ఏదీ చేసి ఎరగను. పడవని నలుగురూ కలిసి కెరటాల్లోకి తోశారు. ఇంజను పట్టింది. నేను కట్టిన అచ్చులోంచి వచ్చిన వస్తువు నీళ్ళ కింద ఉంది, కనబడదు. కనబడేదల్లా పడవ వెనక లేచిన తెల్లటి నురగ, మెలి తిరిగి, మెలి తిరిగి వెనక్కి పోతోంది, నేను పెన్సిలుకి చుట్టిన కాగితం అంచులాగే. పడవ కెరటాల గీత దాటి చిన్నదైపోయింది. మామ్మ అడ్డపొగ నోట్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, అది చుక్కయ్యేదాకా నిలబడింది.

ఇప్పుడు పంకాలు అట్టపెట్టెల్లో, ప్లాస్టిక్కు చుట్టి, ఎక్కడి నుంచో వస్తాయి. నున్నగా ఉంటాయి, ఒకదానికొకటి తేడా ఉండదు, మంచివే, కాదనను. రైలు కట్ట అవతల మా షెడ్డు ఉన్న చోట పెళ్ళిళ్ళకి కార్లు నిలిపే జాగా ఉంది. అక్కడి ఇసుక మాత్రం ఇప్పటికీ నల్లగానే ఉంటుంది, తవ్వితే మాడిన బెల్లం వాసన వస్తుందేమోనని వంగి చూడాలనిపిస్తుంది, వయసు వంగనివ్వదు. గ్రంథాలయంలో ఇప్పుడు పిల్లలు పోటీ పరీక్షల పుస్తకాలే చదువుతారు. టెక్కలిలో మా పిల్లలు పోతని తెర మీద చూసి నేర్చుకుంటారట, ఇసుకలో తడి కొలిచే యంత్రం ఉందట. అది మంచిదే. ఇసుకని నాలిక మీద పెట్టుకుని చూసే మనిషి మాత్రం నాకు మళ్ళీ కనబడలేదు.

ఇంతవరకు అందరినీ వరసలతోనే పిలిచాను, మా కాలంలో పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు. కానీ రాసిపెట్టేటప్పుడు పేర్లు లేకపోతే వాళ్ళు లేనట్టే అయిపోతుంది. నాకు చేతులు తెచ్చిచ్చిన అత్త లక్షుమమ్మకి, వీపు తిప్పి కూర్చుని నాకు పని ఇచ్చిన మావయ్య తవిటయ్యకి, ఆగమంటే అంత బరువుతోనూ ఆగిన బావ సింహాచలానికి, పటకారు రెండో కొస పట్టుకుని వదలని అప్పన్నకి, మసి చేతులకి పుస్తకం ఇచ్చిన గ్రంథపాలకులు భాస్కరరావు గారికి, బొగ్గు మోసిన డొంకూరు ఎర్రయ్యకి, నా దండాలు. అతని తల్లి ఎల్లమ్మకి మరీ మరీ. ఆవిడ ఆ రోజు తీరం మీద తన చెంబు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది, అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రశ్న అడిగి ఇదంతా రాయించిన మా పిల్ల గాయత్రికి కూడా దండాలు. వచ్చే నెలలో దాని చేత్తో మొదటి పోత పోస్తుందట. చెంబు తోమి పెట్టాను. పోత పోసేటప్పుడు నేను దూరంగానే నిలబడతాను. చల్లారాక పిలవమ్మా, అప్పుడు వస్తాను.